ఆన్‌లైన్‌లో బెయిట్‌కాస్టింగ్ రాడ్ కొంటున్నారా? ముందు స్టిక్కర్ గీకి చూడండి

డాలస్ చుట్టుపక్కల చేపలు పట్టే మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. చలి తగ్గి నీళ్లు కాస్త వేడెక్కేసరికి లార్జ్‌మౌత్ బాస్ చేప ఒడ్డు దగ్గరికి వస్తుంది. మనం కొత్త రాడ్ల కోసం ఫోన్లో వెతికేదీ అప్పుడే. సరిగ్గా ఆ సీజన్లోనే ఊరూ పేరూ లేని బ్రాండ్ రాడ్లు '40 టన్ కార్బన్, మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్' అంటూ 60 డాలర్లలోపు రేటుతో ఊరిస్తుంటాయి (మీడియం హెవీ అంటే రాడ్ ఎంత బిరుసో చెప్పేది, ఫాస్ట్ యాక్షన్ అంటే కొస దగ్గరే ఎక్కువగా వంగేది). అలాంటిదొకటి నేను తెప్పించాను. ఆ డబ్బు కోసం ఇప్పటికీ బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాను.

లిస్టింగ్‌లో ఉన్న వివరాలు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. 7 అడుగుల పొడవు, రెండు ముక్కలు, లూర్ (కృత్రిమ ఎర) బరువు పావు ఔన్సు నుంచి ఒక ఔన్సు, లైన్ 10 నుంచి 20 పౌండ్లు. బాస్ కోసం ఒక్కటే రాడ్ కొనుక్కునేవాళ్లకి ఎవరైనా చెప్పేది ఇదే. టెక్సస్ రిగ్, జిగ్, స్పిన్నర్‌బెయిట్ లాంటి ఎరలు మూడూ దీంతో నడిచిపోతాయి. లేక్ ఫోర్క్‌లాగా నీళ్లలో ఎండుచెట్లు నిలబడి ఉన్న చోట చేపను కొమ్మల్లోంచి బయటకు లాగే బలమూ ఉంటుంది.

వచ్చిన రాడ్ కథ వేరు. మూడు బై ఎనిమిది ఔన్సుల (సుమారు పది గ్రాముల) జిగ్ కట్టి విసిరితే పది గజాలు పోకముందే నీళ్లలో పడేది, రీల్లో లైన్ పిచ్చుకగూడు అయ్యేది. బెయిట్‌కాస్టర్‌తో (విసిరేటప్పుడు స్పూల్, అంటే లైన్ చుట్టిన చక్రం, తిరిగే రీల్‌తో) ఇలా అయితే అందరూ రీల్ మీదే పడతారు. బ్రేకులు పెంచు, స్పూల్ మీద బొటనవేలు ఆనించు అంటారు. అన్నీ చేశాను. చివరికి అదే రీల్‌ను, అదే లైన్‌తో, అదే జిగ్‌తో ఒక ఫ్రెండ్ రాడ్‌కి బిగిస్తే చక్కగా దూరం పోయింది.

కారణం తేలికే. మనం విసిరేటప్పుడు లూర్ బరువుకి రాడ్ వెనక్కి వంగి, మళ్లీ ముందుకు లేస్తూ లూర్‌ను నెడుతుంది. రాడ్ మరీ బిరుసుగా ఉంటే పది గ్రాముల జిగ్ దాన్ని వంచలేదు. అప్పుడు మన చెయ్యి ఒక్కటే విసురుతుంది. కుదుపుకి స్పూల్ గిర్రున తిరుగుతుంది, లూర్ మాత్రం అంత వేగంగా లైన్ లాగదు, మిగిలిన లైన్ అంతా చిక్కుపడుతుంది. స్పిన్నింగ్ రీల్లో విసిరేటప్పుడు స్పూల్ తిరగదు కాబట్టి ఈ తప్పు అంతగా బయటపడదు.

అసలు విషయం ఇంటికొచ్చాక తెలిసింది. పిడికి పైన వివరాలున్న స్టిక్కర్ అంచు కొంచెం లేచి ఉంది. గోరుతో గీకితే కింద రాడ్ మీదే అచ్చేసిన ఇంకో వరుస కనిపించింది: హెవీ, ముప్పావు ఔన్సు నుంచి రెండు ఔన్సులు. అంటే మిగిలిపోయిన హెవీ రాడ్లకు మీడియం హెవీ అని స్టిక్కర్ వేసి అమ్ముతున్నారన్నమాట!

గైడ్ల (రాడ్ పొడవునా లైన్ దూరి వెళ్లే రింగుల) సంగతి ఇంకా ఘోరం. చిన్న బాస్ ఒకటి పడితే 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్) టప్పున తెగింది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల ఒకటి తీసుకుని ప్రతి గైడ్ రింగులోనూ లోపలంతా తిప్పాను. చివరి నుంచి రెండో గైడ్‌లో దూది పోగులు పట్టుకుని ఆగిపోయాయి. టార్చి వేసి చూస్తే పింగాణీ రింగుకి వెంట్రుకంత పగులు. కంటికి సరిగ్గా ఆనదు గానీ, లైన్‌ను కొయ్యడానికి అది చాలు. మీ దగ్గర ఏ రాడ్ ఉన్నా, ఎంత ఖరీదైనదైనా, ఈ దూది పరీక్ష ఒకసారి చేసుకోండి. నిమిషం పని.

సెల్లర్ జవాబు వినండి. రాడ్ విరగలేదు, లైన్ తెగిందని రాస్తే, 'మీరు రాడ్‌ను మరీ నిటారుగా ఎత్తి చేపను లేపారు, అది వాడకంలో లోపం' అన్నాడు. అలా ఎత్తితే రాడ్ కొస విరగడం నిజమే గానీ, స్టిక్కర్ దానంతటదే అతుక్కోదు కదా. ఆ ఫొటో పంపాక స్వరం మారింది. ముందు 15 శాతం వెనక్కిస్తామన్నాడు, తర్వాత 25, ఆ తర్వాత సొంత ఖర్చుతో విదేశంలోని గోడౌన్‌కి పంపమన్నాడు. ఆ పార్సిల్ ఖర్చు రాడ్ ధరకు దగ్గరగా ఉంది. ఈ బేరం ఎందుకంటే, సైట్ ఇచ్చిన రిటర్న్ గడువు దాటించడానికి. శాతాల దగ్గర కాలక్షేపం చేయకుండా సైట్‌లోనే వెంటనే రిటర్న్ పెట్టేయండి.

రివ్యూలను కూడా నమ్మకండి. ఐదు నక్షత్రాల వాటిలో కిందికి వెళ్తే 'గొడుగు చాలా బాగుంది, గాలికి తిరగబడలేదు' అని ఉంది. పాత వస్తువు పేజీలోనే ఈ రాడ్‌ను పెట్టారు.

ఇక 40 టన్ గొడవ. ఆ అంకె కార్బన్ పోగు బిరుసుతనానికి కొలత. అంకె పెరిగేకొద్దీ రాడ్ బరువు తగ్గించొచ్చు, కానీ దెబ్బకి తొందరగా పగులుతుంది కూడా. పైగా రాడ్‌లో ఆ రకం పోగు ఎంత వాడారో ఎవరూ చెప్పరు. రాడ్ల మీద రాసే ఐఎం6, ఐఎం8 లాంటివి కూడా నాణ్యతా ప్రమాణాలు కావు. ఐఎం6 అనేది హెక్సెల్ కంపెనీ తన కార్బన్ పోగుకి పెట్టుకున్న పేరు. మీడియం హెవీకి కూడా అందరూ ఒప్పుకున్న కొలత లేదు, ఒక కంపెనీ మీడియం హెవీ ఇంకో కంపెనీ హెవీ అంత ఉంటుంది. అందుకే ఔన్సుల అంకె చూడండి, వీలైతే షాపుకి వెళ్లి మీ రీల్ బిగించి ఊపి చూడండి. షాపులో పది డాలర్లు ఎక్కువైనా పోయేదేం లేదు.

ఆన్‌లైన్‌లోనే కొనాల్సి వస్తే పార్సిల్ విప్పడం వీడియో తీయండి. రెండు ముక్కలూ కలిపాక కొస నుంచి చూస్తే గైడ్లన్నీ ఒకే గీతలో ఉండాలి, అతుకు దగ్గర కదలకూడదు, రీల్ బిగించాక ఊగకూడదు. నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకముందే ఇవన్నీ అయిపోవాలి, ఒకసారి వాడారంటే సెల్లర్‌కి సాకు దొరికినట్టే.

డబ్బు క్రెడిట్ కార్డుతోనే కట్టండి. చెప్పినట్టు లేని వస్తువు వస్తే ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ అనే అమెరికా చట్టం కింద డిస్ప్యూట్ (బిల్లు మీద అభ్యంతరం) వేయొచ్చు. ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా తెలపాలి. డెబిట్ కార్డుకి ఈ చట్టం వర్తించదు. ఇంకో సంగతి, రిఫండ్ ఇస్తాం, రాడ్‌ను విరిచి ఫొటో పంపండి అని సెల్లర్ అడిగితే విరవకండి. డబ్బు పూర్తిగా చేతికొచ్చేదాకా మీ దగ్గరున్న అసలు సాక్ష్యం అదే.