మిలెంకో నోస్‌వెయిట్ గేజ్: కారవాన్ ముక్కు బరువు చూడటానికి

బ్రిటన్‌లో కారవాన్ (కారు వెనక కట్టి లాగే ఇంటిబండి) లాగేవాళ్లకు ఈ గేజ్ కొనమనే చెబుతాం. ముక్కు బరువంటే కారవాన్ ముందు కొస కారు మీద కిందికి మోపే బరువు. బీఎస్ 7961 అనే బ్రిటిష్ ప్రమాణానికి క్యాలిబ్రేట్ చేసినది. బాత్రూమ్ కాటా, కర్రముక్కతోనూ బరువు తెలుస్తుంది గానీ, కర్ర జారితే ప్రమాదం.

సామాన్లన్నీ సర్దాకే కొలవాలి. చదునైన నేల మీద చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, కారవాన్ నాలుగు మూలల్లోని ఆసరా కాళ్లు పైకెత్తేయండి. కప్లింగ్ (కారుకు తగిలించే ముందు కొస) కింద గేజ్‌ను నిలువుగా నిలబెట్టి, జాకీ వీల్ (ముందున్న చిన్న ఆసరా చక్రం) నేలను వదిలేదాకా పైకి తిప్పి అంకె చూడండి. గేజ్‌లోని స్ప్రింగ్ నొక్కుకుని కప్లింగ్ కిందికి దిగుతుంది. టో బాల్ (కప్లింగ్ కూర్చునే, కారు వెనకి గుండు) ఎత్తు కంటే దిగితే బరువు సరిగ్గా చూపించదు, రెండు ఇరుసుల కారవాన్లలో మరీనూ. ఆ ఎత్తు సరిచూసుకోవడమే ఇక్కడ అసలు పని.

ముక్కు బరువు నిండిన కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి: 1,400 కిలోలకు 70–98 కిలోలు. కారు పరిమితి 75 అయితే 75 దాటకూడదు. కారు, టోబార్ (కారు వెనక టో బాల్‌ను మోసే కడ్డీ), కప్లింగ్‌ల పరిమితుల్లో ఏది తక్కువైతే అదే హద్దు. తగ్గితే బండి తోక ఊపుతుంది, పెరిగితే కారు ముందు చక్రాల పట్టు సడలుతుంది. ఎక్కువ వస్తే ముందు లాకర్‌లోని బరువులను ఇరుసు మీదికి జరపండి, వెనక చివరికి మాత్రం వద్దు. అంకెలు చిన్నవి, వంగి చూడాలి; గేజ్‌లో మాకు నచ్చనిది అదొక్కటే.