పక్షవాతం తర్వాత మింగడం: జావా, మెడ వ్యాయామమా, కరెంటు మిషనా?

పక్షవాతం వచ్చిన కొత్తలో దాదాపు సగం మందికి మింగడం కష్టమవుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. సర్దుకోనివారిని విశాఖ నుంచో బరంపురం నుంచో ఒడిశాలోని మా రాయగడకు, పర్లాకిమిడికి, గుణుపురానికి తీసుకొచ్చాక ఇంట్లో తర్జనభర్జన మొదలవుతుంది. వారం వారం మింగడం కూడా నేర్పించే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళడం కుదరదు కదా.

ముందు తిండి సంగతి. ఒంట్లో బాగాలేదంటే మన వైపు తేలిగ్గా ఉంటుందని చద్దన్నమో, పఖాళో (నీళ్ళలో నానబెట్టిన అన్నం) పెడతారు. ఇక్కడ అది పనికిరాదు. మెతుకులు నోట్లో ఉండగానే నీళ్ళు గొంతులోకి జారిపోయి పొలమారుతుంది. ఉండకట్టకుండా కాచిన రాగి జావ చాలా నయం. కాకపోతే పిండి వల్ల వచ్చిన చిక్కదనం ఎంగిలి తగిలితే తగ్గిపోతుంది కాబట్టి, తినిపించే చెంచాను గిన్నెలో ముంచకుండా కొద్దికొద్దిగా వేరే కప్పులోకి తీసుకోవాలి. చిక్కదనం కోసం కలిపే శాంథన్ గమ్ పొడికి ఈ బాధ లేదు, ఖర్చు ఉంది. ఎంత చిక్కగా ఉండాలో పరీక్ష చేసినవారే చెప్పాలి. ఏదైనా, చిక్కదనం ప్రమాదాన్ని తగ్గిస్తుందే గానీ కండరానికి బలమివ్వదు. పైగా చిక్కటి నీళ్ళు నచ్చక పెద్దవాళ్ళు తాగడం మానేస్తారు, ఒంట్లో నీరు తగ్గుతుంది.

బలమిచ్చేది వ్యాయామం. షేకర్ వ్యాయామంలో వెల్లకిలా పడుకుని, భుజాలు లేవకుండా తల మాత్రమే ఎత్తి కాలి వేళ్ళను చూడాలి. నిమిషం చొప్పున మూడుసార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి, ఆపైన 30 సార్లు ఎత్తి దించడం. రోజుకు మూడు పూటలు, ఆరు వారాలు. స్వరపేటికను పైకి లాగే కండరాలు దీనితో గట్టిపడి, అన్నవాహిక ద్వారం బాగా తెరుచుకుంటుంది. చెప్పడానికి బాగుంది, డెబ్బై ఏళ్ళ మనిషి చేత చేయించడం వేరే మాట. మెడ ఎముకలు అరిగినవారికి వద్దనే అంటారు.

అందుకే నా ఓటు 2014లో సింగపూర్ పరిశోధకులు ప్రచురించిన పద్ధతికి. కుర్చీలో నిటారుగా కూర్చుని, గడ్డం కింద చిన్న గాలి బంతి పెట్టుకుని రొమ్ము వైపు నొక్కడం. ఎంతసేపు, ఎన్నిసార్లు అనే లెక్క దాదాపు అదే, అలసట తక్కువ, బంతి ఏ సంతలోనైనా దొరుకుతుంది. అయితే చెప్పింది అర్థం చేసుకుని చేయగలిగినవారికే ఇది. అది కుదరకపోతే జావతోనూ, థెరపిస్టు చూపిన కూర్చునే భంగిమతోనూ నెట్టుకురావాలి.

గొంతుపై అతికించి కండరాలకు సన్నగా కరెంటు పంపే మిషను గురించి అడిగేవారే ఎక్కువ. వ్యాయామంతో పాటు వాడితే కొంత అదనపు మేలు కనిపించిన అధ్యయనాలున్నాయి, ఆధారాల నాణ్యత మాత్రం అంతంతే. అద్దె కారు కట్టుకుని విశాఖ తిరిగేంత విలువ నాకు కనిపించలేదు. పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా దాని జోలికే పోకూడదు.

వీటిలో ఏది మొదలుపెట్టాలన్నా, ముక్కులోంచి సన్నని కెమెరా పంపి గానీ, బేరియం కలిపిన ఆహారం మింగించి ఎక్స్-రేలో గానీ ఒకసారి చూపించుకోవాలి. ఆ ఒక్క ప్రయాణం తప్పదు. దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోయేవారున్నారు. తిన్నాక గొంతు నీళ్ళు నిండినట్టు గరగరమన్నా, జ్వరం వచ్చినా నోటి తిండి ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. ముక్కు గొట్టంతో ఆహారం తీసుకునేవారికి కూడా పూటపూటా పళ్ళు, నాలుక శుభ్రం చేయాలి. నోటిలోని క్రిములు ఉమ్మితో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగినా న్యుమోనియా వస్తుంది.