“ఇంకో బోరు వస్తుంది” అన్న మాట నమ్మి పాత ఇంజిన్ బ్లాక్ కొనకండి

పాత ఇంజిన్ బ్లాక్ కొని రీబోర్ (అరిగిన సిలిండర్ రంధ్రాన్ని, అంటే బోరును, కోసి కాస్త పెద్దది చేయడం) చేయించాలనుకుంటున్నవాళ్లు డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

నేను కొన్నది నాలుగు సిలిండర్ల కాస్ట్ ఐరన్ బ్లాక్. అమ్మినాయన “ఇప్పటిదాకా 0.50 మి.మీ. మాత్రమే కొట్టించారు, ఈ ఇంజిన్లకు 1.00 దాకా ఏ భయం లేదు” అన్నాడు. బోర్ గేజ్ పెట్టి చూస్తే 0.50 నిజమే. సిలిండర్ గోడల మీద గీతలు లోతుగా ఉండటంతో 0.75 సరిపోదని 1.00 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్లు తెప్పించి బోరింగ్, హోనింగ్ (కోసిన గోడను రాపిడితో సాపు చేయడం) చేయించాను. ఇంజిన్ బాగానే స్టార్ట్ అయింది.

కొన్ని వారాలకు కూలెంట్ తగ్గడం మొదలైంది. బయట ఎక్కడా లీక్ లేదు. తర్వాత తెల్ల పొగ. ఒకరోజు డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది, అంటే అందులో కూలెంట్ కలుస్తోంది. హెడ్ గాస్కెట్ (బ్లాక్‌కు, పైనున్న హెడ్‌కు మధ్య ఉండే సీల్) పోయిందనుకుని మార్చాం, తేడా రాలేదు. చివరికి బ్లాక్ విప్పి ప్రెషర్ టెస్ట్ చేస్తే మూడో సిలిండర్ గోడలో నిలువుగా, వెంట్రుకంత సన్నని పగులు కనిపించింది.

అప్పుడు అల్ట్రాసోనిక్ గేజ్‌తో గోడల మందం కొలిపించాను. ముందే చేయాల్సిన పని అది. మూడో సిలిండర్‌లో ఒక పక్క 5 మి.మీ. పైనే ఉంది, ఎదురు పక్క 2 మి.మీ. కూడా లేదు! బోరు కొలత సరిగ్గానే ఉంది, గుండ్రంగానే ఉంది. కానీ బోర్ గేజ్ రంధ్రాన్ని కొలుస్తుంది, దాని వెనకున్న ఇనుమును కాదు.

ఇలా ఎందుకవుతుందంటే, బ్లాక్ పోతపోసేటప్పుడు వాటర్ జాకెట్ (సిలిండర్ల చుట్టూ కూలెంట్ తిరిగే ఖాళీ) కోసం పెట్టే ఇసుక దిమ్మ, అంటే కోర్, కొద్దిగా జరిగితే గోడ ఒక పక్క లావుగా, ఇంకో పక్క పల్చగా వస్తుంది. దీన్నే కోర్ షిఫ్ట్ అంటారు. ఒకే మోడల్‌లో రెండు బ్లాకులు ఒకేలా ఉండవు. అందుకే “ఈ ఇంజిన్లకు ఇంతవరకు కొట్టొచ్చు” అన్న లెక్క మీ చేతిలో ఉన్న బ్లాక్‌కు వర్తిస్తుందని అనుకోకండి. పైగా కూలెంట్ బదులు ఏళ్ల తరబడి ఉత్త నీళ్లు పోసి నడిపిన బ్లాక్‌లో తుప్పు గోడను వెనక నుంచి తినేస్తుంది. నా బ్లాక్‌కు బయట కొత్త పెయింట్ వేశారు, లోపల జాకెట్ నిండా తుప్పే.

పల్చటి పక్క ఏదన్నది కూడా ముఖ్యం. పవర్ స్ట్రోక్‌లో కనెక్టింగ్ రాడ్ వాలుగా ఉండటం వల్ల పిస్టన్ ఒక పక్క గోడను గట్టిగా నెడుతుంది. అది థ్రస్ట్ వైపు. కాస్ట్ ఐరన్‌లో ఆ పక్క కనీసం 3 మి.మీ. మిగలాలని చాలామంది ఇంజిన్ బిల్డర్లు చూసుకుంటారు. నాకు పగిలింది సరిగ్గా అక్కడే. పగలకపోయినా, పల్చటి గోడ ఒత్తిడికి వంగితే రింగులు సరిగా ఆనవు, బ్లో-బై (రింగులు దాటి కిందికి జారే గ్యాస్) పెరుగుతుంది, ఆయిల్ తాగుతుంది.

సీసీ పెరుగుతుందని పెద్ద బోరు కొట్టించేవాళ్లకు ఒక మాట. షెవర్లే 350 (350 క్యూబిక్ అంగుళాల అమెరికన్ V8 ఇంజిన్) బోరు 4 అంగుళాలు. దాన్ని 0.030 అంగుళాలు పెంచితే 355 క్యూబిక్ అంగుళాలు అవుతుంది, 0.060 పెంచినా 360 దాటి పెద్దగా పోదు. ఆ కాస్త కోసం గోడను పోగొట్టుకోకండి. గీతలు పోయేంత కనీస సైజు చాలు.

కొనే ముందు ప్రతి సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద, నాలుగు వైపులా మందం కొలిపించండి. వాటర్ జాకెట్ ప్లగ్గులు తీయించి టార్చ్ వేసి చూడండి. పగులు బయటపడితే డబ్బు వెనక్కిస్తానని కాగితం మీద రాయించుకోండి. నేను రాయించుకోలేదు. “బోరు కొట్టించాక నాకు సంబంధం లేదు” అని అమ్మినాయన ఫోన్ పెట్టేశాడు.

మూడో సిలిండర్‌కు స్లీవ్ (సిలిండర్ లోపల దించే కొత్త గొట్టం) వేయిద్దామనుకున్నాను. రెండు, నాలుగు కూడా థ్రస్ట్ వైపు 2.5 మి.మీ. దగ్గరే ఉన్నాయని తేలాక ఆ ఆలోచన మానుకున్నాను. ఇప్పుడు వేరే బ్లాక్ వెతుకుతున్నాను. ఈసారి గేజ్ పట్టుకునే వెళ్తున్నాను.