కారు స్పీకర్లలో కూత: ఐసొలేటర్ మేలా, ఎర్త్ సరిచేయడం మేలా?

బీచ్ రోడ్డెక్కి రుషికొండ వైపు వెళ్తుంటే పాట మధ్యలో కుయ్‌మని సన్నటి కూత. యాక్సిలరేటర్ నొక్కితే పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఇంజన్ వేగాన్ని బట్టి మారుతోందంటే దాదాపు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించేది) రొదే. షాపులో చెబితే ముందు చేతిలో పెట్టేది గ్రౌండ్ లూప్ ఐసొలేటర్, అంటే ఎర్త్ తేడాలతో వచ్చే ఈ రొదను అడ్డుకునే చిన్న డబ్బా.

నేనూ అదే కొన్నాను. కొన్ని వందల రూపాయలు, ఐదు నిమిషాల పని: స్టీరియో నుంచి ఆంప్‌కి (యాంప్లిఫైయర్) పాట సిగ్నల్ మోసుకెళ్లే ఆర్‌సీఏ వైర్ల మధ్యలో తగిలించడమే. కూత పోయింది. దాంతోపాటే సబ్‌వూఫర్‌లో డప్పు దెబ్బా పలచబడింది. లోపల ఉండేవి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు; చవక రకాలు బేస్‌ని సరిగ్గా దాటించలేవు.

ఎర్త్ సంగతి వేరు. ఓ పూట పడుతుంది, ఖర్చు లేనట్టే. స్టీరియో ఒకచోట, డిక్కీలోని ఆంప్ ఇంకోచోట కారు ఇనుప బాడీకి ఎర్త్ అవుతాయి, అంటే కరెంటు తిరిగెళ్లేది ఆ బాడీ గుండానే. ఆ రెండు చోట్లకీ కాస్త వోల్టేజి తేడా వస్తే చాలు, ఆర్‌సీఏ వైరు పైతొడుగు గుండా కరెంటు పారుతుంది. మనకు వినబడే కూత అదే. నా కారులో ఆంప్ ఎర్త్ బోల్టు విప్పితే రింగు కింద పెయింటు అలాగే ఉంది, అంచున ఎర్రటి తుప్పు. ఉప్పుగాలికి మన వైజాగ్‌లో గేటు గడియలే నిలవవు, ఇదెంత! గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు రాశాను. ఐసొలేటర్ తీసేసినా కూత లేదు. ఎర్త్ వైరు మూరెడు దాటకూడదు, పవర్ వైరంత లావుండాలి. సీటు బెల్టు బోల్టును మాత్రం ఎర్త్‌కి వాడొద్దు.

వైర్ల దారి మార్చడం మూడో మార్గం. పవర్ వైరు ఒక పక్కన, ఆర్‌సీఏ ఇంకో పక్కన పోవాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి. కొత్తగా బిగించేటప్పుడైతే ఉచితం. తర్వాతైతే సీట్లు, కార్పెట్ లేపాలి, అందుకే చివరికి వదిలేస్తాను.

డబ్బు పెట్టేముందు ఒక పరీక్ష. ఆంప్ ఆపి ఆర్‌సీఏ పిన్నులు లాగేసి, మళ్లీ ఇంజన్, ఆంప్ ఆన్ చేయండి. అయినా కూస్తుంటే లోపం ఆంప్ పవర్, ఎర్త్ వైపే, ఐసొలేటర్ దండగ. కూత ఆగిపోతే అది ఆర్‌సీఏ వైర్ల దారిలో వస్తోందన్నమాట. వారంటీ భయంతో కంపెనీ స్టీరియో జోలికి వెళ్లలేమంటే, అప్పుడు ఐసొలేటరే దిక్కు. అదీ కాస్త మంచి రకం చూసి కొనండి.