కార్డ్‌కి పేరు మేలా, నంబరు మేలా?

కీబోర్డ్ నేర్చుకునేవాళ్లు చాలామంది పాట పక్కన కార్డ్‌ల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపుల) పేర్లు ‘సి, జి, ఎ మైనర్, ఎఫ్’ అని రాసుకుంటారు. నేనూ ఏళ్ల తరబడి అంతే. ఒక పెళ్లిలో పాడాల్సిన తమ్ముడికి జలుబు చేసింది. “అన్నా, అర శ్రుతి తగ్గించవా” అన్నాడు. నేను రాసుకున్నవి డి, ఎ, బి మైనర్, జి. అర శ్రుతి దిగితే అవి సి షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్ మైనర్, ఎఫ్ షార్ప్ అవుతాయి. రెండో లైనుకే నా వేళ్లు తడబడ్డాయి. గిటార్ వాయించే ఆయన కాగితం మీద ఉన్నవి నాలుగు అంకెలే: 1, 5, 6, 4. గిటార్ మెడ మీద మొదటి ఫ్రెట్ (మెట్టు) దగ్గర కాపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్, బిగించి, సి కీలో (సి నే స గా పెట్టుకుని) పట్టే కార్డ్‌లే పట్టి పాట కానిచ్చేశాడు.

ఈ నంబర్లు మన సరిగమల లెక్కే. మేజర్ స్కేల్ అంటే శంకరాభరణం స్వరాలు. స మీద కట్టిన కార్డ్ 1, రి మీద కట్టింది 2, ప మీద కట్టింది 5. వీటిలో 1, 4, 5 మేజర్, 2, 3, 6 మైనర్, 7 డిమినిష్డ్ (మైనర్ కంటే ఇంకా ఇరుకైనది). ఏ శ్రుతిలో పాడినా ఈ వరుస మారదు. స ఎక్కడ పెట్టుకుంటే అక్కడి నుంచి లెక్క. సంగీతం టీచర్ దగ్గర సరళీ వరసలు పాడినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు.

వేళ్లు ఎక్కడ పెట్టాలో పేరు చెబుతుంది. ఆ కార్డ్ అక్కడ ఏం పని చేస్తోందో మాత్రం చెప్పదు. ఎ మైనర్‌నే చూడండి. సి కీలో అది 6, జి కీలో 2, ఎఫ్ కీలో 3. నొక్కే స్వరాలు అవే మూడు: ఎ, సి, ఇ. 6గా వచ్చినప్పుడు 1కి కాస్త దిగులు కలిపినట్టు ఉంటుంది, ఎందుకంటే స, గ స్వరాలు 1, 6 కార్డ్‌లు రెండింటిలోనూ ఉంటాయి. 2గా వచ్చినప్పుడు ఎక్కువగా 5 వైపు నడిపిస్తుంది.

ఇక 5 సంగతి. సి కీలో 5 అంటే జి. దానికి ఇంకో స్వరం ఎఫ్ కలిపిన జి సెవెన్త్ వాయించి చేయి తీసేయండి, చెవి ఊరుకోదు. ఆ కార్డ్‌లో బి, ఎఫ్ ఉన్నాయి, అంటే ని, మ. ని అర మెట్టు ఎక్కి స చేరాలంటుంది, మ అర మెట్టు దిగి గ చేరాలంటుంది. ఆ టెన్షన్ తీరేది 1 దగ్గరే. 4 నుంచి 1కి వస్తే ఇంత లాగుడు ఉండదు, మెత్తగా దిగుతుంది. చర్చి కీర్తనల చివర ‘ఆమెన్’లో వినిపించేది అదే.

అమెరికాలో నాష్‌విల్ స్టూడియోల వాళ్లు 1950ల చివర్లోనే ఈ దారి పట్టారు. జోర్డనైర్స్ గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టిన అంకెల పద్ధతిని చార్లీ మెక్‌కాయ్ లాంటి వాద్యకారులు పెంచారు. సింగర్ కీ మార్చినా కాగితం తిరగరాయక్కర్లేదు.

అలాగని పేర్లను పారేయలేం. ఎ మైనర్ పాటలో ఎ మైనర్‌ను 1 అనాలా, 6 అనాలా? రెండు రకాలుగానూ రాసేవాళ్లున్నారు. కీరవాణి రాగం ఛాయ ఉన్న పాటైతే, పై లెక్కలో మైనర్ కావాల్సిన ఇ అందులో మేజర్‌గా వస్తుంది. పేరు రాస్తే గొడవే లేదు. మధ్యలో కీ మారే పాటలకూ అంతే. మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది: ‘5 శ్రుతి’ అంటే జి. ‘5 కొట్టు’ అంటే ఏ ఐదో ముందే తేల్చుకోవాలి.

ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా అంటారు. అప్పటికప్పుడు గండం గట్టెక్కిస్తుంది, నిజమే. కానీ నొక్కేది ఒకటి, వినిపించేది ఇంకొకటి. పియానో ముందు కూర్చుంటే ఆ బటన్ ఉండదు. తిరిగి సున్నాకి పెట్టడం మర్చిపోతే తర్వాతి పాట గోవిందా.

అన్నట్టు, మోహన రాగంలో ఉన్న పాటకు నంబర్లు గుడ్డిగా వేయకండి. అందులో మ, ని లేవు. రాగం స్వరాలతోనే పూర్తయ్యేవి 1, 6 మాత్రమే. 5 వేస్తే ని వచ్చి కూర్చుంటుంది.

నా మాట అడిగితే, ఒంటరిగా నోట్స్ చూసి వాయించుకునేవాళ్లకు పేర్లు చాలు. పాడేవాళ్ల పక్కన కూర్చునేవాళ్లకు నంబర్లే మేలు. నా పుస్తకంలో ఇప్పుడు అంకెలు పెన్నుతో ఉంటాయి, పైమూల కీ పేరు పెన్సిల్‌తో.