అసీల్ అని నమ్మి కొన్నాను, అసలుకే మోసం వచ్చింది

అసీల్ అనే పందెం జాతి కోడిపిల్లలు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ‘వంద శాతం ప్యూర్ అసీల్, తాతల నాటి లైన్’ అని రోజూ వీడియోలు పెట్టే ఆయన మీ అందరికీ తెలిసినవాడే, పేరెందుకు లెండి. ఆరు పిల్లలు, ఒక్కోటి ఏడొందలు, డబ్బులు ముందే వేయించుకుని బస్సు పార్సిల్‌లో పంపాడు. పందేలకు కాదు, దొడ్లో పెంచుకుందామని సరదా పడ్డాను, అంతే.

పెరిగేకొద్దీ పుంజు నెత్తిన రంపం పళ్లలా ఎర్రటి తురాయి లేచింది. మా మామయ్య చూసి, “ఇదేంటి అల్లుడూ, అసీల్‌కి తురాయి నెత్తికి అంటుకుపోయి చిన్నగా ఉంటుంది కదా” అంటే ఆయనకే నేను క్లాసు పీకాను. పెట్టలు వరసగా గుడ్లు పెడుతుంటే సంబరం కూడా పడ్డాను. అసీల్ పెట్ట గుడ్లు తక్కువ పెడుతుందని, పెట్టినవాటి మీద పొదగడానికి కూర్చుంటుందని ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు, నాకు తప్ప. చివరికి పశువుల డాక్టరు గారు చూసి “గ్రామప్రియలా ఉన్నాయండీ” అన్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పెరటి పెంపకం కోసం తయారుచేసిన సంకర రకం అది. మంచి కోడే, కాదనను, కానీ నేను డబ్బు కట్టింది దానికి కాదు.

నిన్న ఫోన్ చేశాను. ఆయన ఏమన్నాడో వినండి: “సార్, అసీల్ అంటే అసలు అని కదా అర్థం? ఇవి అసలు కోళ్లు కావా? రబ్బరు కోళ్లు పంపానా?” వెనక ఎవరో పకపకా నవ్వారు, స్పీకర్‌లో పెట్టాడన్నమాట. నాకు ఒళ్లు మండింది దేనికంటే, ఆ అర్థం ఆయనకు చెప్పింది నేనే! కొన్నరోజు గొప్పగా, అరబ్బీలో అస్ల్ అంటే వేరు, అసీల్ అంటే కల్తీ లేని వంశం, మన ‘అసలు’ కూడా అక్కణ్ణుంచి వచ్చిందేనని పాఠం చెప్పాను. ఆయన బుద్ధిగా విని దాచుకున్నాడు. తిరిగి ఫోన్ చేస్తే నంబరు బ్లాక్. నాలుగు వేల రెండొందలు అసలు, గుడ్లు వడ్డీ అనుకోమంటోంది మా ఆవిడ.

ఇప్పుడు పెరువియన్ అనే విదేశీ పందెం జాతితో కలిపినదీ ప్యూరే, దేనితో కలిపారో తెలియనిదీ ప్యూరే, వీళ్ల నోట్లో ఆ మాటకు విలువ లేదు.

ఆ, కొనేముందు తల్లినీ పుంజునూ వీడియో కాల్‌లో చూపించమనండి. నేనూ అడిగాను. రోజూ వీడియోలు పెట్టే మనిషి “ఇక్కడ నెట్‌వర్క్ లేదు సార్” అన్నాడు, నేను సరే అన్నాను.