శుక్లాల ఆపరేషన్: ఫేకోనా, చిన్న కోతా? ఏది మేలు?

డబ్బు కట్టి ఫేకో చేయించాలా, క్యాంపు వాళ్లు ఉచితంగా చేసే చిన్న కోత ఆపరేషన్ సరిపోతుందా? భీమవరం వైపైనా, అమలాపురం వైపైనా పెద్దవాళ్లకి శుక్లాలొచ్చిన ఇంట్లో తేలని విషయం ఇదే. నన్నడిగితే, ఏ పద్ధతి అన్నదానికంటే శుక్లం తీసిన చోట ఏ లెన్స్ పెడుతున్నారు, ముందు ఏ పరీక్షలు చేశారు అన్నవే గట్టిగా అడిగి తెలుసుకోవాలి.

ఫేకోలో కోత రెండు, మూడు మిల్లీమీటర్లకి మించదు. అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని లోపలే నుజ్జు చేసి, పీల్చేసి, మడత లెన్స్‌ని ఆ సందులోంచే పెడతారు. చిన్న కోత పద్ధతిలో 6, 7 మిల్లీమీటర్ల దారి చేసి శుక్లాన్ని బయటికి తీస్తారు. మామూలుగా రెండింటికీ కుట్లు పడవు. ఫేకో అయితే త్వరగా తేరుకుంటారు, తర్వాత సిలిండర్ పవర్ (కార్నియా వంపు సమంగా లేక చూపు చెదిరితే అద్దాల్లో వేసే పవర్) కూడా తక్కువ వస్తుంది. కార్నియా అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొర. శుక్లం మరీ ముదరకపోతే, ఖర్చుకి ఇబ్బంది లేకపోతే ఫేకోకే నా ఓటు.

బాగా ముదిరి గట్టిపడిన శుక్లం సంగతి వేరు. దాన్ని నుజ్జు చేయడానికి అల్ట్రాసౌండ్ ఎక్కువసేపు వాడాలి, కార్నియా వాచే అవకాశం పెరుగుతుంది. అలాంటి కంటికి చేయి తిరిగిన డాక్టరు చేసే చిన్న కోత ఏ రకంగానూ తక్కువ కాదు. ముదిరిన శుక్లాలున్న 108 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఫేకో, ఇంకో గుంపుకి చిన్న కోత చేసి నేపాల్‌లో పోల్చి చూశారు. 2007లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఆర్నెల్ల తర్వాత రెండు గుంపుల చూపూ దాదాపు ఒక్కటే. ఉచితం కదా అని చిన్నచూపు చూడకండి. అలాగే, ముదిరేదాకా ఆగాలన్న పాత మాట కూడా వదిలేయండి. ఆగేకొద్దీ ఆపరేషన్ కష్టమవుతుంది. వరి కోతలూ నూర్పిళ్లూ ఉన్న రోజుల్లో మాత్రం ఆపరేషన్ పెట్టుకోవద్దు. తర్వాత కొన్ని వారాలు కంట్లో దుమ్ము, నీళ్లు పడకూడదు, బస్తాలు ఎత్తకూడదు, కాలవ స్నానం అసలే వద్దు.

లెన్స్ దగ్గరే నిదానంగా ఆలోచించాలి. మామూలు లెన్స్ ఒక్క దూరానికే చూపిస్తుంది, సాధారణంగా దూరపు చూపుకే పెడతారు, చదవడానికి అద్దాలు కావాలి. దూరమూ దగ్గరా రెండూ చూపించే మల్టీఫోకల్ లెన్స్‌తో అద్దాల అవసరం బాగా తగ్గుతుంది గానీ, రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించొచ్చు, మసక వెలుతురులో చూపు కాస్త పలచబడుతుంది. రాత్రిళ్లు రొయ్యల చెరువు కాపలాకి కాలవ గట్టు మీద బండి నడిపే మనిషికి ఎదురుగా లారీ లైట్లు పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. అలాంటివారికి మామూలు లెన్సే మంచిది.

మా పిన్నిది నరసాపురం దగ్గర పల్లె. అరుగు మీద కూర్చుని, తెల్లదారం వేలికి చుట్టుకుని, కొక్కెం సూదితో లేసు అల్లుతుంది. రోజంతా ఆమె చూపు ఒళ్లోనే ఉంటుంది. ఇలాంటివారికి మామూలు లెన్స్‌నే దగ్గరి చూపుకి లెక్కకట్టి పెట్టొచ్చు. అప్పుడు దూరానికి అద్దాలు పెట్టుకుంటే చాలు. డాక్టరు అడగకపోయినా మీ పనేంటో మీరే చెప్పండి.

షుగర్ ఉన్నవాళ్లు ముందుగా రెటీనా (కంటి వెనక ఉండే, బొమ్మ పడే పొర) చూపించుకోవాలి. నీటికాసులు (కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా జబ్బు) ఉన్నాయేమో కంటి ప్రెషర్, కంటి నరం కూడా చూడాలి. వాటివల్ల పోయిన చూపు శుక్లం తీసినంత మాత్రాన రాదు. రెటీనా దెబ్బతిన్నా, నీటికాసులున్నా మల్టీఫోకల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఏ పద్ధతిలో చేయించుకున్నా, ఆపరేషన్ తర్వాత కన్ను ఎర్రబడి, నొప్పి పెరిగి, చూపు తగ్గితే మందుల షాపులో చుక్కలు కొనుక్కుని ఊరుకోకండి. అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లండి.